వేలి కింద ఊపిరి

మా పెద్దమ్మకు వినయం లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు సుఖం. మనుషుల గురించి రాసేవాళ్ళు "ఎంత పనిమంతురాలో అంత అణకువ" అని ఒక తోక తగిలించకుండా ఉండలేరు. ఈమె దగ్గర ఆ రెండోది భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. గాజు ఊదడంలో తనంతటి మనిషి లేదని ఆమే చెప్పేది. వినేవాళ్ళు లేకపోతే గోడకు చెప్పేది. అందులో అబద్ధం లేదు కాబట్టి మేమూ ఊరుకునేవాళ్ళం.

మా కార్ఖానాలో దీపాలకు గాజు గోళాలు చేస్తాం. వీధి దీపాలకు, రేవు దీపాలకు, పెద్ద భవనాల మెట్ల మీద వేలాడే దీపాలకు. కొలిమిలో గాజు పాకంలా కరిగి ఉంటుంది. పొడవాటి ఇనప గొట్టం కొసను అందులో ముంచి తిప్పితే, చెంచాకు తేనె పట్టినట్టు పట్టుకుంటుంది. ఆ ముద్దను తడిపిన చెక్క దొప్పలో గుండ్రంగా దొర్లించి, గొట్టం రెండో కొసకు నోరు పెట్టి ఊదాలి. ఊదేవాళ్ళు కూర్చునే బల్లకు రెండు వైపులా పొడవాటి చేతులు ఉంటాయి. గొట్టాన్ని వాటి మీద ఆపకుండా దొర్లిస్తుండాలి, లేకపోతే మెత్తని గాజు ఒక పక్కకు జారిపోతుంది. ఆ బల్లనే మేము కుర్చీ అంటాం. మాకు మూడు కుర్చీలున్నాయి. కొలిమికి దగ్గరగా ఉన్నది మొదటి కుర్చీ. పెద్ద గోళాలన్నీ దాని మీదే పుడతాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది మా పెద్దమ్మదే.

నేను పక్క గదిలో, సానరాయి మీద గోళాల మూతులు అరగదీస్తాను. అమ్మ లేని నన్ను పెంచింది పెద్దమ్మే కనుక ఆమె గురించి మాట్లాడే హక్కు నాకుంది. వెక్కిరించే హక్కు కూడా ఉంది.

కార్ఖానాలో అందరూ ఆమెను తిత్తమ్మ అంటారు. కొలిమి తిత్తి ఎలా ఊదుతుందో ఆమె అలా ఊదుతుందని. ఆమెకు ఆ పేరంటే ప్రాణం. వంటింట్లోంచి కేకేస్తే వీధి చివర కూరగాయలు కొంటున్న వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. తన మనవరాలి, అంటే మా అక్క కూతురి పుట్టినరోజుకు బెలూన్లు ఊదమంటే, ఒక్క ఊపిరికి ఒక బెలూను చొప్పున ఊది, "ఇంకా తెండర్రా, ఇవేం చాలతాయి?" అనేది.

మొదటి కుర్చీ ఎవరికి అనేది మా దగ్గర మాటలతో తేలదు. ఏడాదికోసారి కొలిమి ఆర్పి, లోపలి ఇటుకలు మార్చి, మళ్ళీ వెలిగిస్తారు. వెలిగించాక మొదటి పనిరోజును రింగు రోజు అంటాం. ఆ కుర్చీ కావాలన్న వాళ్ళు అందరి ఎదుటా ఒక్కో గోళం ఊదాలి. గోళాలు రాత్రంతా చల్లార్పు గదిలో నెమ్మదిగా చల్లారతాయి. పొద్దున్నే గోడకు వేలాడే ఇనప రింగు తెచ్చి ఒక్కో గోళం నడుముకు తొడిగి చూస్తారు. ఎక్కకపోతే గోళం పెద్దదైనట్టు. ఎక్కినా, రింగుకూ గాజుకూ మధ్య వెలుతురు కనిపిస్తే చిన్నదైనట్టో, సొట్టబోయినట్టో. ఎవరి గోళం దగ్గర వెలుతురు అందరికన్నా తక్కువ కనిపిస్తే కుర్చీ వాళ్ళది. యజమాని మేనల్లుడైనా ఇదే లెక్క.

ఇక వేలు సంగతి చెప్పాలి. మా పనిలో కొత్తగా చేరినవాళ్ళకు బుగ్గల్లో బలం ఉండదు. వాళ్ళకు మొదట నేర్పేది ఒక చిన్న కిటుకు. గొట్టంలోకి "ఉఫ్" అని కొంచెం ఊపిరి వదిలి, చటుక్కున గొట్టం మూతిని బొటనవేలితో మూసెయ్యాలి. అంతే. లోపల చిక్కుకున్న ఆ కాస్త గాలి గాజు వేడికి తనంతట తనే పెరిగి, ముద్ద మధ్యలో బుడగై లేస్తుంది. మొదటి బుడగ లేపడానికి అది బాగా పనికొస్తుంది. కానీ నాలుగు నెలలు పోయాక కూడా వేలు పెట్టేవాళ్ళంటే మా వాళ్ళకు లోకువ. ఈత వచ్చాక కూడా గట్టు పట్టుకుని వేలాడేవాణ్ణి చూసినట్టు చూస్తారు. "ఊపిరి ఉన్నవాడు ఊదుతాడు, లేనివాడు మూత పెడతాడు" అనే మాట కార్ఖానాలో అందరి నోటా వినిపిస్తుంది. ఆ మాట పుట్టించింది మా పెద్దమ్మే.

ఆమె పుట్టించింది ఇంకొకటి కూడా ఉంది. మా మేస్త్రిని అందరూ చాటుగా బొటనవేలు అంటారు. ఆయనా పెద్దమ్మా ఒకే ఏడు పనిలో చేరారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. చెయ్యి మాత్రం బంగారం. ఊపిరి చాలక వేలు వదల్లేకపోయాడు. వయసులో ఉండగా ఒక రింగు రోజున, కుర్చీ కావాలని ఆయన కూడా గొట్టం పట్టుకుని నిలబడ్డాడట. సగం గోళం లేచిందట. అప్పుడు మా పెద్దమ్మ పకపకా నవ్వి, "దాన్ని రింగుతో కొలవకండర్రా. అది ఇతను ఊదింది కాదు, ఇతని బొటనవేలు ఊదింది" అందట. హాలంతా గొల్లుమంది. ఆయన సగం గోళాన్ని బూడిద గుంటలో పడేసి వెళ్ళిపోయాడు. తరవాత మేస్త్రి అయ్యాడు, మంచి మేస్త్రి అయ్యాడు. కానీ మళ్ళీ నలుగురిలో గొట్టం నోట పెట్టలేదు. ఇప్పటి కుర్రవాళ్ళకు ఆ పేరెందుకొచ్చిందో కూడా తెలియదు, ఎప్పుడో వేలికి దెబ్బ తగిలిందేమో అనుకుంటారు.

ఇదంతా ఇలా ఉండగా మా పెద్దమ్మకు ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. జ్వరం అనుకున్నాం, జలుబు అనుకున్నాం, చివరికి ఆపరేషన్ చేసి కుడివైపు కింది భాగం తీసేశారు. మనిషి బతికింది, అదే పదివేలు అని మేమంతా అనుకుంటుంటే, ఆమె మంచం మీంచి లేవకుండానే డాక్టరమ్మను అడిగిన మొదటి మాట, "ఊదొచ్చా?"

"మెల్లగా పని చేసుకోవచ్చమ్మా. గట్టిగా ఊదకూడదు" అందావిడ.

"మెల్లగా ఊదితే దాన్ని ఊదడం అనరు, ఉసూరుమనడం అంటారు" అంది పెద్దమ్మ, మొహం గోడవైపు తిప్పుకుని.

కొలిమి ఆర్పడానికి ఇంకా కొన్ని వారాలున్నాయనగా పనిలోకి వచ్చింది. వచ్చిన రోజే కుర్చీలో కూర్చుని గాజు ఎత్తుకుంది. ఎత్తుకోవడం, దొర్లించడం అంతా పాత పద్ధతే, చూడముచ్చటగా ఉంది. నోరు పెట్టి ఊదింది. బుడగ నిమ్మకాయంత లేచి ఆగిపోయింది. ఇంకోసారి ఊదబోతే దగ్గు తెర వచ్చింది. గొట్టం తిప్పడం ఆగింది, గాజు ఒక పక్కకు వాలి నేల మీద కారింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, ఆమె తిరిగి నాలుగు తిట్టేది. అందరూ తల వంచుకుని ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

రెండో కుర్చీ మా బావది, అంటే పెద్దమ్మ అల్లుడిది. మంచివాడే. కానీ అత్తగారి కుర్చీ మీద అల్లుడికి కన్నుండడం లోకంలో కొత్త కాదు. "అత్తయ్యా, ప్యాకింగు గదిలో నీడపట్టున కూర్చోకూడదూ? నేనున్నాగా" అన్నాడు ప్రేమగా.

"నువ్వున్నావనేగా నా బెంగ" అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంట్లో అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గిన్నెలన్నీ చితక్కొట్టినంత పని చేసింది. నేను పక్కనే నిలబడి తుడుస్తున్నాను. ఉండబట్టలేక అన్నాను:

"వేలు పెట్టొచ్చుగా, పెద్దమ్మా?"

తడిగుడ్డ వచ్చి నా మొహాన పడింది. "ఇంకోసారి ఆ మాటంటే ఇంట్లోంచి పంపించేస్తా! గడ్డి కూరి పెట్టెలు కట్టుకుని బతుకుతాను గానీ, ఈ వయసులో మూత పెట్టుకుంటానా?"

కాసేపటికి కుళాయి కట్టేసి, నాకు వినిపించాలో వద్దో తెలియనట్టు గొణిగింది. "గడ్డి కూరడం కూడా నా వల్ల కాదే. ఆ కుర్చీ లేకపోతే నేనెవరో నాకే తెలీదు."

నాకు అప్పుడు భయం వేసింది. ఆపరేషన్ రోజున కూడా అంత భయం వెయ్యలేదు.

మర్నాడు నేను పగుళ్ళు వచ్చిన గోళాలు చూపించడానికి మేస్త్రి గదిలో ఉండగా తలుపు తోసుకుని లోపలికొచ్చింది. నన్ను బయటికి పొమ్మని కళ్ళతో సైగ చేసింది. నేను అర్థం కానట్టు నిలబడ్డాను. ఇలాంటివి మళ్ళీ మళ్ళీ చూడ్డానికి దొరకవు.

"మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?" అని అడిగింది మేస్త్రిని.

"బానే ఉన్నాయి."

"మరదలు బాగుందా?"

"బాగుంది. ఇంతకీ దేనికొచ్చావక్కా? నా మోకాళ్ళ గురించి నువ్వడిగింది ఇదే మొదటిసారి."

మా పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూసింది, పైకప్పు చూసింది, నన్ను కోపంగా చూసింది. మింగలేక కక్కలేక చివరికి అంది: "ఆ వేలు సంగతి చెప్పు. నిమ్మకాయంత బుడగ కాదు. రింగంత గోళం. వస్తుందా?"

మేస్త్రి నవ్వుతాడని నేను ఎదురుచూశాను. నవ్వలేదు. గ్లాసులో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అన్నాడు: "వస్తుంది. ఇన్నేళ్ళూ అందరూ ఇంటికెళ్ళాక నేను ఊదుతున్నది అదే. కానీ ఒక్క షరతు. రింగు రోజున దాచిపెట్టి ఊదకూడదు. అందరికీ ఎదురుగా నిలబడి, వేలు కనిపించేలా పెట్టాలి."

పెద్దమ్మ మొహం కొలిమి రంగుకు తిరిగింది. "నన్ను నవ్వులపాలు చేద్దామనా?"

"నవ్వులపాలు కావడం ఎలా ఉంటుందో నాకు తెలుసులే, అక్కా. దాంతో ఎవరూ చచ్చిపోరు."

ఆమె తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, ఇక తిరిగిరాదనుకున్నాను. కానీ కుర్చీ మీద ప్రేమ ఆ కుందేలు కన్నా పెద్దది. మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ, కొలిమి దగ్గర ఇద్దరూ కనిపించారు. ఆమె చేతిలో గొట్టం, ఆయన చేతిలో చెక్క దొప్ప. నేను తిండి మానేసి తలుపు చాటున నిలబడి చూశాను.

"ఎక్కువ ఊదకు. కొంచెమే. అంతే, మూసెయ్! ఇప్పుడు తిప్పుతూ ఉండు. ఏం చెయ్యకు."

"ఏం చెయ్యకుండా ఎలా ఉంటారు?"

"అదే నీకు రాని పని. అందుకే కష్టం."

ఆమె వేలు గొట్టం మూతి మీద ఉంది. బుగ్గలు ఖాళీగా ఉన్నాయి. గొట్టం అవతలి కొసన గాజు మెల్లగా, నిద్రలో ఒళ్ళు విరుచుకుంటున్నట్టు, పెరుగుతోంది. మా పెద్దమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "తోస్తోందిరా! వేలి కింద తోస్తోంది!"

"మరి? దానికీ బయటికి రావాలనే ఉంటుంది. గట్టిగా పట్టు."

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. పదో తరగతిలో నేనీ పాఠం చదివాను, పరీక్షలో రాశాను, మర్నాడు మర్చిపోయాను. గాలి అంటే కంటికి కనిపించని అణువుల గుంపు. అవి ఎప్పుడూ కుదురుగా ఉండవు, అటూ ఇటూ పరిగెడుతూ ఒకదాన్నొకటి, గోడల్నీ గుద్దుకుంటూ ఉంటాయి. వేడి తగిలితే పరుగు పెరుగుతుంది, గుద్దుడూ పెరుగుతుంది. గోడ గట్టిదైతే ఆ గుద్దుళ్ళన్నీ గోడ మీద ఒత్తిడిగా మిగిలిపోతాయి. గోడ కరిగిన గాజులా మెత్తనిదైతే వెనక్కి జరుగుతుంది. అణువుల మధ్య ఎడం పెరుగుతుంది. అంతే జరిగేది. అణువులు ఉబ్బవు, కొత్తవి పుట్టవు. ఒక గదిలో పదిమంది కూర్చుని ఉంటే సర్దుకుపోతారు. ఆ పదిమందే లేచి గంతులేస్తే గది చాలదు. మనుషులు పెరగలేదు కదా, వాళ్ళకు కావలసిన చోటు పెరిగింది.

మా పెద్దమ్మ ఊపిరి కూడా అలాంటిదే. ఒంటి వేడితో బయటికొచ్చిన గాలి ఆ గాజు వేడికి చేరేసరికి దానికి మూడింతల చోటు కావాలి. అంటే మూడో వంతు ఊపిరి ఆమె ఇస్తే, మిగతా రెండు వంతులు నిప్పు ఇస్తుంది. డాక్టర్లు కోసుకుపోయినదాన్ని కొలిమి ఇస్తానంటోంది. పాఠం అంత బాగుంటుందని చదివినప్పుడు నాకెవరూ చెప్పలేదు.

అయితే నిప్పు ఊరికే ఏదీ ఇవ్వదు. మొదటి రోజు గోళం దోసకాయంత అయ్యేసరికి మా పెద్దమ్మ ఆనందం పట్టలేక వేలు అలాగే ఉంచి మేస్త్రితో గొప్పలు మొదలుపెట్టింది. ఈలోగా గాజు బయట చల్లారుతోంది, లోపలి గాలీ చల్లారుతోంది. అణువుల పరుగు తగ్గింది. బయటి గాలి మాత్రం ఎప్పటిలాగే నెడుతోంది. ఇంకా పూర్తిగా బిగుసుకోని గాజు, పళ్ళూడిన ముసలమ్మ బుగ్గలా లోపలికి పీక్కుపోయింది.

"చూశావా?" అన్నాడు మేస్త్రి. "వేడున్నంత సేపే అది నీ పక్షం. చల్లారడం మొదలైతే నీ మీదికే తిరుగుతుంది. పెరగడం ఆగీ ఆగకముందే వేలు తియ్యాలి. తీసి, మళ్ళీ వేడి చూపించి, ఇంకొంచెం ఊది, మళ్ళీ మూసి... అలా అంచెలంచెలుగా పెంచుకుంటూ పోవాలి. నోటితో ఊదేవాడికి బలం ఉంటే చాలు. వేలితో ఊదేవాడికి ఓపిక కావాలి."

"అందుకేనా నువ్వింత నెమ్మదస్తుడివి?"

"కాదు. నువ్వు ఆ రోజు నవ్వాక నెమ్మదస్తుణ్ణయ్యాను."

మా పెద్దమ్మ వంగి ఇంకో ముద్ద గాజు ఎత్తుకుంది.

కొలిమి ఆర్పేదాకా ప్రతి మధ్యాహ్నం ఇదే పని. చెడిపోయిన గోళాలకు లెక్కలేదు. సొట్టలు, పగుళ్ళు, సొరకాయలు. ఇంటికొచ్చి గొట్టం లేకపోయినా గరిటె కాడ మీద వేలు పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చునేది. మా అక్క కంగారుపడి, "అమ్మకేమైనా అయిందా?" అని నన్నడిగింది. "అమ్మ బడికి వెళ్తోంది" అన్నాను.

ఇటుకలు మార్చారు. కొలిమి వెలిగింది. రింగు రోజు వచ్చింది.

ముందు మా బావ ఊదాడు. ఉన్నమాట చెప్పాలి, బాగానే ఊదాడు. బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, ఒక్క బిగిన, మెడ నరాలు తేలేదాకా. గోళం మెరుస్తూ చల్లార్పు గదిలోకి వెళ్ళింది. చప్పట్లు కొట్టారు. కుర్చీ ఆయనదే అని అందరి మొహాల్లోనూ ఉంది.

తరవాత పెద్దమ్మ లేచింది. గాజు ఎత్తుకుంది, దొప్పలో దొర్లించింది. ఎప్పుడూ కొలిమి వైపు తిరిగి ఊదే మనిషి, ఆ రోజు వెనక్కి తిరిగి అందరికీ ఎదురుగా నిలబడింది. ఎడమ చేత్తో గొట్టం తిప్పుతూనే కుడిచేతి బొటనవేలు పైకెత్తి చూపించింది.

"అందరూ సరిగ్గా చూడండి. వేలు పెడుతున్నాను."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. మా బావ సిగ్గుతో ఎర్రబడ్డాడు. అల్లుడు కదా, పరువు ఆయనకూ ఉంటుంది. "అత్తయ్యా, వేలు... అది పద్ధతి కాదేమో..."

"కొలిచేది రింగు నాయనా. నోటితో ఊదావా, వేలితో ఊదావా అని అది అడగదు. నేనే అడిగేదాన్ని ఇన్నాళ్ళూ. ఇక అడగను."

కిసకిసలు ఆగిపోయాయి. నేను సానరాయి గది గుమ్మంలో నిలబడి నా రెండు చేతులూ బిగించి పట్టుకున్నాను.

ఉఫ్. వేలు. తిప్పడం. గోళం లేచింది. వేలు తీసింది. వేడి చూపించింది. మళ్ళీ ఉఫ్, మళ్ళీ వేలు. తొందర లేదు. ఆ మనిషిలో తొందర లేకపోవడం చూస్తుంటే వేరే ఎవరినో చూస్తున్నట్టుంది. నారింజంత అయింది, కొబ్బరికాయంత అయింది. ఇంకా పెరుగుతోంది. బుగ్గలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. ఊపిరి ఎక్కడిదని కొత్తవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

అప్పుడు దగ్గు వచ్చింది.

పెద్దమ్మ మొహం పక్కకు తిప్పి, భుజాలు కదిలిపోయేలా దగ్గింది. కానీ ఎడమ చెయ్యి గొట్టం తిప్పడం ఆపలేదు. కుడి బొటనవేలు కదల్లేదు. నోటితో ఊదుతూ ఉంటే ఆ దగ్గుకు గోళం చెడిపోయి ఉండేది. వేలు దగ్గదు కదా. ఆమె ఒళ్ళంతా ఊగిపోతుంటే, వేలి కింద ఆమె ఊపిరి మాత్రం నిశ్చింతగా తన పని తాను చేసుకుపోతోంది. దగ్గు ఆగేసరికి గోళం నిండుగా లేచి ఉంది. సరిగ్గా పెరగడం ఆగబోయే ముందు వేలు తీసింది. గాజు ఎక్కడా లోపలికి పోలేదు.

నేను అరిచేశాను. ఏమని అరిచానో గుర్తులేదు. సిగ్గు కూడా లేదు. అది మా పెద్దమ్మ!

గోళం చల్లార్పు గదిలోకి వెళ్ళింది. ఇక ఆమె కూర్చుంటుందనీ, గొప్పలు మొదలవుతాయనీ అనుకున్నాం. ఆమె ఇంకో గొట్టం తీసుకుని, మేస్త్రి దగ్గరికి నడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"ఇక నువ్వు."

"నాకెందుకక్కా ఇప్పుడు?"

"అప్పట్లో సగంలో పడేశావు. దాన్ని పూర్తి చెయ్యి."

"నువ్వే పడేయించావు."

"నేనే" అంది పెద్దమ్మ, హాలంతా వినిపించేలా. ఊపిరి తక్కువైనా గొంతు తక్కువేం కాలేదు. "నవ్వింది నేనే. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు నేను ఊదింది ఇతను నేర్పింది. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఈ కుర్చీ ఎవరిదయ్యేదో నాకూ తెలీదు. తెలుసుకోవాలనుంది. పట్టు."

మా బావ నా పక్కకొచ్చి గుసగుసలాడాడు. "ఆయన బాగా ఊదితే కుర్చీ పోతుంది కదా! అత్తయ్యకు ఆ సంగతి తోచలేదా?"

పెద్దమ్మ చెవులకు ఆపరేషన్ కాలేదు. "తోచింది, అల్లుడూ. తోచకుండా ఇంత దూరం వస్తానా?"

మేస్త్రి చొక్కా చేతులు మడిచాడు. దొప్ప పట్టుకునే మనిషి ముందుకు రాబోతే పెద్దమ్మ వాణ్ణి పక్కకు తోసి, తనే బకెట్లోంచి తడి దొప్ప తీసి ఆయన గాజు కింద పట్టింది. పాతికేళ్ళలో ఆమె ఎవరికీ దొప్ప పట్టలేదు. ఆమెకే అందరూ పట్టేవాళ్ళు.

ఆయన ఊదిన తీరు నేను వర్ణించలేను. ఎక్కడా వెతుకులాట లేదు. ఉఫ్ అనడం, మూయడం, తీయడం. ఎప్పుడు తీశాడో కనిపించనంత తేలిగ్గా. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ పంట కోతకొచ్చి ఎన్నేళ్ళయిందో, మేము మాత్రం ఆ రోజే చూశాం.

పొద్దున్నే రింగు తెచ్చారు. మా బావ గోళానికి రెండు చోట్ల చీపురుపుల్ల దూరేంత సందు ఉంది. పెద్దమ్మ గోళానికి అంతటా ఆనింది, ఒక్క చోట మాత్రం కాగితమంత వెలుతురు. మేస్త్రి గోళానికి తొడిగారు. చుట్టూ తిప్పి చూశారు. దీపం తెచ్చి వెనకాల పెట్టి మళ్ళీ చూశారు. వెలుతురు ఎక్కడా రాలేదు.

ఆమె మొహం చూసే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ లేదు. ఆమే అంది.

"మొదటి కుర్చీ మేస్త్రిగారిది."

తను రోజూ తుడుచుకునే గుడ్డతో ఆ కుర్చీ తుడిచి పక్కకు జరిగింది. ఆయన కూర్చున్నాడు. కాసేపు రెండు చేతులూ బల్ల చేతుల మీద ఊరికే పెట్టుకుని ఉండిపోయాడు, కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవన్నట్టు. ఆ రోజంతా ఆయన అక్కడే ఊదాడు, ఆమె దొప్ప పట్టింది. మధ్యమధ్యలో "అటు కాదు, ఇటు తిప్పు" అని ఆయనకు సలహాలు కూడా ఇచ్చింది. లేకపోతే ఆమెకు అన్నం సహించదు.

సాయంత్రం గంట కొట్టాక ఆయన లేచి నడుం విరుచుకున్నాడు. "చాలక్కా. తీరిపోయింది. నేనిక్కడే కూర్చుంటే మేస్త్రి పని ఎవరు చేస్తారు? నీకు అప్పగిస్తే తిట్టి తిట్టి అందర్నీ పారిపోయేలా చేస్తావు. నా తరవాత తక్కువ వెలుతురు నీ గోళానిదే. కుర్చీ నీదే. పొద్దున్నే టైముకి రా."

మేమిద్దరం ఇంటికి నడిచి వస్తున్నాం. మలుపు దగ్గర ఆమె ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"ఆయన లేవకపోతే ఏం చేసేదానివి, పెద్దమ్మా? ఏడాదంతా నీది కాకుండా పోయేదిగా."

"పోతే పోయేది."

"అందరి ముందూ ఓడిపోయినందుకు బాధగా లేదూ?"

ఆమె నా వైపు చూసింది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ నేను చూడని పొగరు ఆ కళ్ళలో నిండుగా ఉంది.

"ఎవరి చేతిలో ఓడిపోయాననుకున్నావే? నా గురువు చేతిలో. అట్లాంటి గురువు ఈ కార్ఖానాలో ఇంకెవరికున్నాడో చూపించు!"